వ్యానులో గ్యాసు బండ, సీసాలో సబ్బు నీళ్లు

పోయిన జనవరిలో అరకు నుంచి కిందికి దిగుతూ, డముకు వ్యూ పాయింటు దగ్గర టీ పెట్టుకుందామని, వంటకు, పడకకు వీలుగా మార్పించుకున్న మా వ్యాను ఆపినప్పుడు, పొయ్యికి బిగించిన రబ్బరు పైపు చివర ఒక చిన్న బుడగ లేచింది. మొదట ఆవగింజంత ఉండి, చూస్తుండగానే మిరియమంతై, శనగగింజంతై పగిలింది. వెంటనే అదే చోట ఇంకొకటి మొదలైంది. వాసన మాత్రం ఎవరికీ రాలేదు. ఘాట్ రోడ్డు దిగాక పొయ్యి వెలిగించే ముందు సబ్బు నీళ్లు పూసి చూడటం నా అలవాటు కాబట్టి ఆ బుడగ కనబడింది గానీ, లేకపోతే నేరుగా లైటరు నొక్కేవాళ్లమే.

పక్కనే ఉన్న మా బావమరిది, "ఎందుకు బావా ఇంత హడావిడి, అగ్గిపుల్ల దగ్గర పెడితే లీకు ఉందో లేదో అదే చెబుతుంది కదా" అన్నాడు. తమాషాకే అన్నాడు. కానీ మా చిన్నతనంలో కొత్త బండ బిగించిన పెద్దవాళ్లు కొందరు నిజంగానే అలా చూసేవారు. చుట్టూ కిటికీలున్న వంటింట్లో వాళ్ల అదృష్టం బాగుండి గడిచిపోయింది. వ్యాను లెక్క వేరు. మా వ్యాను లోపలి ఖాళీ సుమారు 10 ఘనపు మీటర్లు. గాలిలో ఎల్పీజీ దాదాపు 2 శాతానికి చేరితే నిప్పు తగిలిన క్షణంలో అంటుకుంటుంది, అంటే మా వ్యానుకు 200 లీటర్ల గ్యాసు సరిపోతుంది. బండలో ద్రవంగా ఉన్నది ఒక్క లీటరు ఆవిరైనా సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతుంది. నేను వాడే 5 కిలోల చిన్న బండలోనే అటువంటి ద్రవం తొమ్మిది లీటర్లకు పైగా ఉంటుంది.

పైగా ఈ గ్యాసు పైకి పోదు. ఇందులో ఉండే రెండు ముఖ్యమైన వాయువుల్లో ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. నీళ్లు పల్లానికి పారినట్టు అది నేల మీద పాకి, పరుపు కింద, సీటు మూల, మెట్టు గుంటలో నిలుస్తుంది. అందుకే వ్యాను మొత్తం 2 శాతం నిండేదాకా ప్రమాదం వేచి ఉండదు, నేల మీది జానెడు ఎత్తులో ఆ పాళ్లు అంతకు ఎంతో ముందే కుదురుతాయి. వ్యానును మార్చి ఇచ్చిన ఆటోనగర్ షెడ్డు వాళ్లు బండ పెట్టే అరలో గాలి రంధ్రాలను పైభాగంలో చేశారు, చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. నేను వాదించి, నేల దగ్గర, బయటికి తెరుచుకునేటట్టు మరో రెండు చేయించుకున్నాను. ఆ అర తలుపు కూడా వ్యాను బయటి నుంచే తీయాలి, లోపలి గదితో దానికి సంబంధం ఉండకూడదు. అందులో బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వచ్చేస్తుంది.

మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ దగ్గర, సముద్ర మట్టానికి చాలా లోతున రాతిలో తొలిచిన గుహలో 60 వేల టన్నుల ఎల్పీజీ నిలవ చేసే ఏర్పాటు 2007 నుంచి ఉంది. అక్కడ గ్యాసును బిగబట్టేది ఇనుము కాదు, చుట్టూ ఉన్న రాతిలోని నీటి ఒత్తిడి. ఆ ఒత్తిడి గ్యాసు ఒత్తిడి కంటే ఎక్కువగా ఉన్నంతకాలం గ్యాసు బయటికి రాలేదు. నా వ్యానులో ఆ పని చేసేది బండ నోట్లోని ఒక చిన్న రబ్బరు వాషరు. 1997 సెప్టెంబరు 14న మన రిఫైనరీలో ఎల్పీజీ లీకై మంటలు లేచి పదుల మంది ప్రాణాలు పోయిన ఉదయాన్ని ఎరిగిన ఊరివాళ్లం మనం, వాషరును చిన్న వస్తువని అనుకోలేం.

వాసన వస్తుంది కదా అని ధీమాగా ఉండేవారు చాలామంది. అసలు ఈ గ్యాసుకు సొంత వాసన లేదు. లీకు తెలియాలని మెర్కాప్టన్ అనే రసాయనాన్ని కలుపుతారు. ముక్కు కాసేపటికి ఆ వాసనకు అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. జలుబు చేసినప్పుడు సరేసరి. ఇక ఎండు చేపల బుట్ట వెనుక పెట్టుకుని భీమిలి నుంచి వచ్చే రోజున వాసన మీద ఆధారపడటం నా వల్ల కాదు.

నేను చేసే పని ఇది. ముందుగా వ్యానును ఆరుబయట ఆపి, తలుపులన్నీ తీసి, ఫ్రిజ్‌ను, ఇన్వర్టరును ముందే ఆపేస్తాను. ఫ్రిజ్ తనంతట తాను మొదలవుతుంది, ఆ క్షణంలో స్విచ్చి దగ్గర నిప్పురవ్వ పుట్టవచ్చు. తర్వాత పొయ్యి నాబులన్నీ మూసి, రెగ్యులేటరును తెరుస్తాను, ఎందుకంటే పైపులో ఒత్తిడి లేకుండా చూస్తే బుడగ రాదు, లీకు లేదని మోసపోతాం. గిన్నెలు తోమే ద్రవం ఒక చెంచా, నీళ్లు అరగ్లాసు కలిపి, పాత పెయింటు బ్రష్షుతో నెమ్మదిగా పూస్తాను. గిలకొట్టి నురగ చేస్తే ఆ నురగలో అసలు బుడగ కలిసిపోతుంది. బట్టల బ్లీచింగు, అమ్మోనియా కలిసిన క్లీనర్లు వాడను. అవి ఇత్తడిని తినేస్తాయి.

పూయవలసిన చోట్లు కొన్నే. బండ నోరు, రెగ్యులేటరు కూర్చునే చోటు, రెగ్యులేటరు ముక్కుకు పైపు తొడిగిన చోటు, పైపు పొడవునా ముఖ్యంగా వంపుల దగ్గర, పొయ్యి వైపు చివర, నాబుల కాడలు. ఒక్కో చోట కనీసం నిమిషం కదలకుండా చూడాలి. పెద్ద లీకు బుసకొట్టి తనే చెబుతుంది, చిన్నది మాత్రం తీరిగ్గా బుడగ కడుతుంది. పరీక్ష అయ్యాక మంచినీళ్లతో కడిగి తుడిచేయాలి. మన తీరంలో ఉప్పు గాలి సగం ఏడాదిలో ఇనుప క్లిప్పులను తుప్పు పట్టిస్తుంది, సబ్బు తడి దానికి తోడవకూడదు. ఆ రోజు డముకు దగ్గర దొరికిన లీకు కూడా అదే: పైపు బాగానే ఉంది, క్లిప్పు తుప్పుపట్టి పట్టు వదిలింది, ఘాట్‌లోని మలుపుల కుదుపుకు ఇంకా సడలింది.

కొండ మీది చలి గురించి ఒక మాట. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ద్రవంగా ఉండిపోతుంది, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. అమెరికాలో ఇలాంటి బళ్లకు ఎక్కువగా ప్రొపేన్ వాడటానికి ఇదొక కారణం, మన వంటగ్యాసులో రెండూ కలిసి ఉంటాయి. అందుకే లంబసింగి చలి ఉదయాల్లో బండ లోపలి ఒత్తిడి తగ్గి, బండ నోటి దగ్గరి చిన్న లీకు చాలా నెమ్మదిగా బుడగ కట్టి, కంటికి ఆనకపోవచ్చు. అదే బండ మధ్యాహ్నం విశాఖ ఎంవీపీ కాలనీ ఎండలో పెడితే గట్టిగా కారుతుంది. కొండ మీద పరీక్ష నెగ్గిన బండను కిందికి దిగాక మళ్లీ చూడక తప్పదు.

లీకు కనబడితే నేను రెగ్యులేటరు ఆపేసి, అందరినీ దూరంగా పంపి, ఏ స్విచ్చినీ అటూ ఇటూ తిప్పను. అప్పటికే వెలుగుతున్న కరెంటు దీపాన్ని ఆర్పను కూడా. రెగ్యులేటరు తీసి, బండతో వచ్చిన ప్లాస్టిక్ మూతను గట్టిగా నొక్కితే చాలాసార్లు బండ నోటి లీకు ఆగుతుంది. ఆగకపోతే బండను ఖాళీ స్థలంలో పెట్టి, దూరంగా వచ్చి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి. వాషరు పోతే నేను సరిచేయను, బండనే మార్పించుకుంటాను.

డముకు దగ్గర ఆ రోజు టీ మాత్రం తాగలేదు. వ్యానును గాలి ఆడేలా ఉంచి, చల్లటి మురుకులు తిని దిగిపోయాం. మరునాడు స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు రెండు, ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్త పైపు ఒకటి కొన్నాను, పైపు మీద కొన్న తేదీని మార్కరుతో రాశాను. బావమరిది తన వంతుగా అగ్గిపెట్టెను తీసుకెళ్లి తన ఇంట్లో దేవుడి అరలో పెట్టుకున్నాడు.