పద్నాలుగు పుస్తకాల్లో మొదటిది

"నాలుగో పుస్తకం దాకా ఓపిక పట్టండి, అక్కణ్ణుంచి అదిరిపోతుంది." రాబర్ట్ జోర్డన్ వీల్ ఆఫ్ టైమ్ అనే ఫ్యాంటసీ నవలల సిరీస్ గురించి ఎవరిని అడిగినా ఈ మాటే చెప్తున్నారు. ఇలా చెప్పి ఎవరి చేతా ఆ పుస్తకం చదివించలేం. మొదటి భాగం, ద ఐ ఆఫ్ ద వరల్డ్, ఒక్కటే 53 చాప్టర్లు, దాదాపు 800 పేజీలు. వంటిల్లు సర్దుకుని, పొద్దున్న పనికి బట్టలు తీసిపెట్టుకుని, పడుకోబోయే ముందు నాలుగు పేజీలు చదువుకునే మనిషికి నాలుగో పుస్తకం ఎప్పటికి చేతికొస్తుంది? మొత్తం 14 భాగాలు ఉన్నాయి కాబట్టి మొదటిది కాస్త అటూ ఇటూగా ఉన్నా సర్దుకోవాలన్న వాదన నాకు నచ్చదు. మొదటి పుస్తకం తన కాళ్ల మీద తను నిలబడాలి. నా దృష్టిలో ఇది నిలబడింది, చివరి కొన్ని చాప్టర్లు తప్ప.

మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాపీ ఈమధ్య చాలా చేతులు మారింది. నేను స్కూల్ లైబ్రరీలో పని చేస్తాను. ఎవరు ఎంతవరకు చదివారో వాళ్లు చెప్పకపోయినా పుస్తకం చూస్తే తెలిసిపోతుంది. లావుపాటి పేపర్‌బ్యాక్ కదా, చదివినంత మేరా అట్ట వెన్ను మీద తెల్లటి గీతలు పడతాయి. చదవని భాగం కొత్త పుస్తకంలా నున్నగా ఉంటుంది. మా ఎదురింటి అబ్బాయి తిరిగి ఇచ్చినప్పుడు గీతలు పావు వంతు దగ్గర ఆగిపోయాయి. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మా బాబాయ్ ఇచ్చినప్పుడు చివరిదాకా ఉన్నాయి. పైగా మొదట్లోనే ఒకచోట వెన్ను బాగా వంగిపోయి, పుస్తకం దానంతటదే అక్కడ తెరుచుకుంటోంది. చూస్తే ఆరో చాప్టర్. ఆయన అది మళ్లీ మళ్లీ చదివారన్నమాట.

ఎందుకో చెప్పాలంటే కథ కొంచెం చెప్పాలి. టూ రివర్స్ అనే మారుమూల ప్రాంతంలో ఎమండ్స్ ఫీల్డ్ అని ఒక పల్లె. గొర్రెలు, పొగాకు, పండగలు, అంతే వాళ్ల జీవితం. ఆ ఏడాది చలికాలం పోవడం లేదు. వసంతం రావాల్సిన రోజులు దాటిపోయినా చెట్లు చిగురించవు, గొర్రెపిల్లలు బతకవు, తోడేళ్లు ఊరి దాకా వస్తుంటాయి. పండగ ముందు రోజు రాత్రి ట్రాలక్‌లు, అంటే సగం మనిషి సగం జంతువులా ఉండే రాక్షసులు, ఊరి మీద పడతాయి.

ఆ మొదటి చాప్టర్లు నెమ్మదిగా ఉన్నాయని చాలామంది విసుక్కుంటారు. విశాఖలో 2014 అక్టోబర్ 12 చూసినవాళ్లకి అలా అనిపించదని నా నమ్మకం. హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక గుర్తుందా, కైలాసగిరి ఎలా ఉందో? చెట్లు నిలబడే ఉన్నాయి, ఆకు అన్నది లేదు. కొండలన్నీ కాల్చేసినట్టు గోధుమ రంగులోకి మారిపోయాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు, వాటికి క్యూలు కట్టాం. అవన్నీ వచ్చాక కూడా, పొద్దున్నే బాల్కనీలోకి వెళ్తే ఎదురుగా ఆ మోడు కొండ కనపడేది, కడుపులో ఏదోలా ఉండేది. చిగుర్లు వచ్చేదాకా ఊళ్లో అందరం చెట్ల గురించే మాట్లాడుకున్నాం. జోర్డన్ రాసిన పల్లెలో కూడా అంతే, ఎవరు ఎవరిని పలకరించినా మాట చలి దగ్గరికే వెళ్తుంది. రాక్షసులు రాకముందే భయం వచ్చేసి ఉంటుంది. అది రాయడానికి ఆయన తీసుకున్న పేజీలు నాకు ఎక్కువనిపించలేదు.

ఇక బాబాయ్ ఆరో చాప్టర్. ట్రాలక్‌ల కత్తి తగిలి, కథానాయకుడు రాండ్ తండ్రి టామ్ జ్వరంతో పడిపోతాడు. గాయం చిన్నదే, దానిలో ఉన్న విషం చిన్నది కాదు. పొలం దగ్గర వీళ్లిద్దరే, ఊరు దూరం, గుర్రం లేదు. రాండ్ విరిగిన బండి కర్రలకు దుప్పట్లు కట్టి, దాని మీద తండ్రిని పడుకోబెట్టి, రాత్రంతా అడవిలో ఈడ్చుకుంటూ వెళ్తాడు. రోడ్డు పక్కనే ఉంటుంది, దాని మీదికి వెళ్లడానికి లేదు, అక్కడ ట్రాలక్‌లు వెతుకుతూ తిరుగుతున్నాయి. జ్వరం మగతలో టామ్ ఎప్పుడూ ఇంట్లో చెప్పని యుద్ధం గురించి, ఇంకో విషయం గురించి కలవరిస్తాడు. ఆ ఇంకో విషయం చదవనివాళ్లకి చెప్పను. కొడుక్కి రెండు భయాలు. ఈ మాటలు చీకట్లో ఎవరికైనా వినపడతాయేమోనని ఒకటి, ఈ మాటలు నిజమేమోనని రెండోది.

తెన్నేటి పార్కులో కూర్చుని ముంత మసాలా తింటూ బాబాయ్ అడిగారు, "ఏమ్మా, ఈ రాసినాయన మిలిటరీ మనిషా?" అని. అవును. రాబర్ట్ జోర్డన్ అన్నది కలం పేరు, అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ వాళ్లది. వియత్నాం యుద్ధంలో రెండు విడతలు హెలికాప్టర్ గన్నర్‌గా పనిచేశాడు. ఆ సంగతి చెప్తే బాబాయ్ తల ఊపి, "అందుకే టామ్ కత్తి తీసిన తీరు అలా ఉంది, చూపించుకోవడానికి తీసినట్టు లేదు" అన్నారు. యుద్ధం చేసొచ్చి, దాని ఊసెత్తకుండా గొర్రెలు కాసుకుంటూ కొడుకుని పెంచుకున్న మనిషి. ఇన్ని మంత్రాలూ మహిమలూ ఉన్న పుస్తకంలో బాబాయ్‌కి అందరికంటే గొప్పగా కనపడినవాడు ఆయనే. నాక్కూడా.

ఎదురింటి అబ్బాయి అభిప్రాయం వేరు. ఏయూలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, తెలివైనవాడు, ఫ్యాంటసీ తెగ చదువుతాడు. "ఆంటీ, ఇది టోల్కీన్ కథే కదా" అన్నాడు. ప్రశాంతంగా ఉన్న పల్లె, పండగ, ఎక్కడి నుంచో వచ్చిన మంత్రశక్తి గల పెద్దమనిషి, వెంటాడే నల్ల గుర్రపు రౌతు, దారిలో సత్రం, భూమి కింద చీకటి దారి, అన్నీ వరసగా చెప్పాడు. టోల్కీన్ నవల ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్ 1954లో వచ్చింది, ఇది 1990లో. పోలికలు ఉన్నాయి, కాదనడానికి లేదు. రచయిత కూడా మొదటి భాగాన్ని పాఠకుడికి అలవాటైన చోటు నుంచి కావాలనే మొదలుపెట్టానని చెప్పుకున్నాడు.

కానీ ఆ అబ్బాయి ప్రోలోగ్ వదిలేశాడు. కాలేజీ పిల్లలు చాలామంది చేసే పనే, ప్రోలోగ్ అనగానే ముందుమాట అనుకుని తిప్పేస్తారు. ఇందులో మటుకు అది వదిలేస్తే కథకి తాళంచెవి పారేసుకున్నట్టే. ల్యూస్ థెరిన్ అనే మహావీరుడు కూలిపోయిన తన భవనంలో భార్యని పిలుస్తూ తిరుగుతుంటాడు. ఆవిడ శవం అక్కడే ఉంటుంది. చంపింది తనే, పిచ్చిలో, ఆ సంగతి తనకి తెలియదు. ఈ లోకంలో మగవాళ్లు వాడే శక్తికి మాలిన్యం పట్టింది, వాడిన మగవాడు పిచ్చెక్కి పోతాడు, తనవాళ్లనే చంపుకుంటాడు. కాబట్టి ఈ పల్లెటూరి కుర్రాళ్లలో ఎవరికి శక్తి ఉన్నా అది వరం కాదు, మరణశిక్ష. టోల్కీన్ దగ్గర ఇది లేదు. మన చందమామ సీరియల్స్‌లో కూడా, దాసరి సుబ్రహ్మణ్యం గారి మాంత్రికుల దగ్గర్నుంచి చూసుకున్నా, కుర్రాడికి మహిమ దొరికితే మనం సంతోషించాం. ఇక్కడ దొరక్కూడదని దేవుడికి దండం పెట్టుకుంటూ చదువుతాం. యుగాలు తిరిగి తిరిగి వస్తాయన్న ఊహ మనకెలాగూ కొత్త కాదు కాబట్టి, ఆ వీరుడు మళ్లీ పుడతాడంటే మన పాఠకుడికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మళ్లీ పుడితే ఏమవుతుందన్నదే ఇక్కడ టెన్షన్.

ఆ అబ్బాయి అంతకుముందు ప్రైమ్ వీడియోలో 2021లో వచ్చిన సిరీస్ చూశాడట. రాండ్ స్నేహితుడు పెర్రిన్‌కి పెళ్లయినట్టు, దాడి రాత్రి పొరపాటున తన చేతుల్లోనే భార్య చనిపోయినట్టు అందులో పెట్టారు. పుస్తకంలో పెర్రిన్‌కి పెళ్లే కాలేదు, ఆచితూచి మాట్లాడే కమ్మరి కుర్రాడు అంతే. చూసి వచ్చినవాళ్లు దాని కోసం వెతుక్కుంటారు, దొరక్క ఏదో తగ్గిందనుకుంటారు.

నైనీవ్ గురించి మా మేనకోడలికి, నాకు ఒకటే మాట. ఈ మనిషిని తిట్టనివాళ్లు తక్కువ. ఎప్పుడూ కోపం, ఎవరి మాటా వినదు, ఊరికే జడ పట్టుకు లాగుతుంటుంది అని. మా మేనకోడలు నర్సింగ్ చేస్తోంది, రాత్రి డ్యూటీ అయ్యాక గాజువాక బస్సులో చదివింది. "అత్తా, ఆవిడ కోపం కాదు, వార్డు మొత్తం తన మీద ఉన్నవాళ్లు అలాగే మాట్లాడతారు" అంది. నిజమే. నైనీవ్ ఆ ఊరి వైద్యురాలు. వయసు చిన్నది, అందుకని ఊరి పెద్దలు ఆమె మాటకి విలువివ్వరు. టామ్‌ని చూసి తన వల్ల కాదని చెప్పాల్సి రావడం ఆమెకి ఎంత కష్టమో ఆ రెండు మూడు వాక్యాల్లోనే ఉంది. తర్వాత ఊరి పిల్లలని ఎవరో తీసుకెళ్లారని తెలిసి, అడుగుజాడలు పట్టుకుని ఒంటరిగా వెంబడించి బేర్లాన్ అనే పట్టణం దాకా వస్తుంది. లాన్ లాంటి ఆరితేరిన యోధుడే తన జాడ ఎలా కనిపెట్టగలిగిందని ఆశ్చర్యపోతాడు. ఇంత చేసిన మనిషి నవ్వుతూ మాట్లాడలేదని తప్పు పట్టడం నాకు బాధగా ఉంటుంది.

మధ్యలో రాండ్, అతని స్నేహితుడు మ్యాట్ ఇద్దరే కేమ్లిన్ నగరానికి నడిచే భాగం ఉంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, వేణువు వాయించి, గారడీ చేసి, సత్రంలో భోజనం సంపాదించుకుంటూ, పడుకోవడానికి ఇంత గడ్డి దొరికితే చాలనుకుంటూ. నాకైతే పుస్తకంలో ఇదే బాగా నచ్చిన భాగం. ఎవరిని నమ్మాలో తెలియకపోవడం అంటే ఏంటో ఇక్కడ పూర్తిగా అనుభవంలోకి వస్తుంది. అన్నం పెట్టినవాడే తలుపుకి గడియ వేస్తాడు. కాకపోతే ఆ చాప్టర్లలో కథ ముందుకీ వెనక్కీ వెళ్లడంతో ఏది ముందు జరిగిందో తికమక అవుతుంది. అక్కడ మాత్రం కాస్త నిదానంగా చదవండి.

చివరి చాప్టర్ల గురించి మొహమాటం లేకుండా చెప్తాను. అవి బాగాలేవు. అన్ని వందల పేజీలు అడుగడుగూ నడిపించినవాడు, గమ్యం చేరాక పరుగెత్తించాడు. అంతవరకు పేరు కూడా సరిగ్గా వినని శత్రువులు ఉన్నట్టుండి ఎదురవుతారు. రాండ్ ఇక్కడుంటాడు, అంతలో ఎక్కడో యుద్ధం మధ్యలో ఉంటాడు, ఏం చేశాడో అతనికీ తెలియదు, మనకీ తెలియదు. సిరీస్ పూర్తిగా చదివినవాళ్లు "అది తర్వాత అర్థమవుతుంది" అంటారు. తర్వాత అర్థమైతే తర్వాతి పుస్తకానికి మంచిది, ఈ పుస్తకానికి ఏం ఒరిగింది?

ఈ ఒక్క విషయంలో బాబాయ్‌కి, నాకు కుదరలేదు. ఫర్నేస్ దగ్గర ప్రమాదం జరిగినప్పుడు అక్కడున్న నలుగురూ నాలుగు రకాలుగా చెప్తారని, పెద్ద గండం దాటినవాడికి ఏం జరిగిందో వరసగా గుర్తుండదని, రచయిత అదే రాశాడని ఆయన వాదన. అలాగైతే ఆరో చాప్టర్‌లో భయం అంత స్పష్టంగా, ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు ఎలా రాశాడని నేను. అక్కడ రాండ్‌కి నాన్న ఉన్నాడు, ఇక్కడ లేడు అన్నారాయన. దానికి ఇంకా నా దగ్గర జవాబు లేదు. రెండో భాగం ద గ్రేట్ హంట్ కూడా 1990లోనే వచ్చింది, అది ఆయనే ముందు తీసుకెళ్లారు. మా మేనకోడలు ఆ తర్వాత వరసలో ఉంది.