నీళ్ల లెక్క, మూడో వారం: సగటును నమ్మి దెబ్బతిన్నాను

రాయగడలో మా ఇంటికి కుళాయి నీళ్లు తెల్లవారుజామున కాసేపే వస్తాయి. తొట్టి నుంచి డాబా మీది ట్యాంకుకు చిన్న పంపు ఎన్ని లీటర్లు ఎక్కించిందో లెక్కపెట్టడమే నా కంట్రోలర్ పని. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కోడెసిస్ (యంత్రాలను నడిపే ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. లైసెన్సు కొనలేదు కనుక రెండు గంటలకు ఆగిపోతుంది. నా అవసరానికి అది చాలు.

పోయిన ఆదివారం 20 లీటర్ల బకెట్ నింపితే తెర మీద 19 కనిపించింది. "సెన్సర్ పాడై ఉంటుంది, మార్చేయి" అన్నారు పక్కింటి బాబాయి. దానికోసం మళ్లీ విజయనగరం రైలెక్కాలి! ముందు కాగితం తీశాను.

గొట్టంలో నీటి ప్రవాహాన్ని కొలిచే నా వైఎఫ్-ఎస్201 సెన్సర్ లీటరుకు సుమారు 450 పల్సులు (ఆన్-ఆఫ్ సంకేతాలు) ఇస్తుంది. మా పంపు నిమిషానికి 12 లీటర్లు తోస్తుంది, అంటే సెకనుకు 90 పల్సులు. ఒక్కో పల్సు 11 మిల్లీసెకన్లు. అందులో సగం ఆన్, సగం ఆఫ్. కాబట్టి టాస్క్, అంటే కోడెసిస్ పదేపదే నడిపే ప్రోగ్రాము, 5.5 మిల్లీసెకన్లలోపే ఒకసారి సెన్సర్ తీగ తగిలించిన పిన్నును చూడాలి. నేను పెట్టింది 5. సరిపోవాలి కదా?

టాస్క్ ఒకసారి నడవడానికి పట్టే సమయాన్ని చూపే టాస్క్ మానిటర్‌లో సగటు 0.7 మిల్లీసెకన్లు చూసి రెండు వారాలు నిశ్చింతగా ఉన్నాను. పక్కనే ఉన్న గరిష్ఠం గడిలో 14 ఉంది, అంటే అంతసేపు పిన్నును చూడనట్టే! సెకనుకు ఐదుసార్లు మెమరీ కార్డులోని ఫైలుకు లెక్క రాయించే పని కూడా ఈ టాస్క్‌లోనే పెట్టాను. రాసిన ప్రతిసారీ దాదాపు ఒక పల్సు జారిపోతోంది. సెకనుకు 90 పల్సుల్లో ఐదు, అంటే 18 పల్సులకు ఒకటి పోతే 20 లీటర్లు 19 అవుతాయి.

ఇప్పుడు రెండు టాస్క్‌లు చేశాను. లెక్కపెట్టేది 2 మిల్లీసెకన్లకు, ప్రాధాన్యం 1. ఫైలు రాసేది 200 మిల్లీసెకన్లకు, ప్రాధాన్యం 20. కోడెసిస్‌లో అంకె చిన్నదైతేనే ప్రాధాన్యం ఎక్కువ, ఇది నేను మొదట తిరగేసి పెట్టాను. కొలిచేముందు మానిటర్ విలువలను రీసెట్ చేయాలి, లేకపోతే మొదలయ్యేటప్పటి పెద్ద అంకె గరిష్ఠంలో ఉండిపోతుంది. అమ్మ ఫోనులో ట్యాంకు బొమ్మ తెరిపించి, పంపు నడిపిస్తూ గంటసేపు వదిలేశాను. లెక్కపెట్టే టాస్క్ గరిష్ఠం 0.4 దాటలేదు. టాస్క్ గడువు దాటితే ఆపేసే వాచ్‌డాగ్‌కు 5 మిల్లీసెకన్లు ఇచ్చాను.

ఇది కట్టుకునేవాళ్లకు ఒక మాట: సెన్సర్ 5 వోల్టులది, రాస్ప్‌బెర్రీ పై పిన్ను 3.3 మాత్రమే తట్టుకుంటుంది. మధ్యలో వోల్టేజీ తగ్గించే రెండు రెసిస్టర్లు తప్పవు.

ఈరోజు బకెట్‌కు 19.8 వచ్చింది. బకెట్ మీద గీత నేను పెట్టినదే, కాబట్టి ఆ 0.2 సంగతి తర్వాత చూస్తాను.