నన్ను కావాలని పడగొట్టిన టెస్ట్

ముందే చెప్తున్నా, ఇది చదివి ఎవరూ వాడుతున్న మందులు ఆపేయకండి. నాకు ఫిట్స్ అని చెప్పి ఏళ్ల తరబడి మాత్రలు వాడించారు, అవి ఫిట్స్ కావని చివరికి తేలింది, అయితే తేలింది నేను మాత్రలు మానేయడం వల్ల కాదు, ఒక ల్యాబ్‌లో డాక్టర్లు నన్ను కావాలనే స్పృహ తప్పించి చూడటం వల్ల.

నేను ప్రకాశం జిల్లాలో హైస్కూల్ టీచర్ని. ప్రేయర్‌లో ఎండలో నిలబడితే పడేదాన్ని, రక్తం తీస్తే పడేదాన్ని. చెవుల్లో హోరు, ఒళ్లంతా చెమట, చూపు మసకబారడం, అక్కడిదాకే నాకు గుర్తుండేది. తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లు చెప్పాలి, వాళ్లేమో అందరూ ఒకటే మాట, కళ్లు పైకి పోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి అని. లేచేసరికి గుప్పిట్లో తాళాలగుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి అన్న మాట వినగానే డాక్టర్ గారు కూడా ఇంకేం అడగలేదు, ఈఈజీ (తలకి వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూసే టెస్ట్) తీయించారు, అందులో ఏదో కొంచెం తేడా ఉన్నట్టుంది అని రాశారు, ఇక లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మాత్ర మొదలు. ఆ మాత్రతో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, క్లాసులో చిన్న పిల్లాడు పెన్సిల్ కింద పడేస్తే అరిచేసేదాన్ని, సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. పెళ్లి సంబంధాలు చూస్తున్నప్పుడు అమ్మ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఆ మాత్రలు విటమిన్ డబ్బాలో పోసి ఇచ్చింది. పెళ్లయ్యాక తిరుమల క్యూలో మా ఆయన కళ్లముందే పడ్డాను, ఆ దాపరికం అక్కడితో సరి. ఆయన పెద్దగా ఏమీ అనలేదు, అత్తయ్య మాత్రం చాన్నాళ్లు ముభావంగా ఉన్నారు.

మందు వాడుతున్నా పడుతూనే ఉన్నా, పడ్డప్పుడల్లా డోసు పెంచడమే. ఎమ్మారై, ఈసీజీ, ఎకో, షుగర్ అన్నీ నార్మల్. నార్మల్ కాక ఏమవుతాయి, టెస్ట్ చేసే టైముకి నేను బాగానే ఉంటాను కదా! ఈఈజీలో ఒక్కదాంట్లోనే కాస్త కదిలించి చూస్తారు, మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు, కళ్ల ముందు లైటు టకటకా కొడతారు, ఫిట్స్ గుణం ఉన్న కొందరికి దాంతో బయటపడుతుంది. నాకు రెండోసారి తీసినప్పుడు అలాంటిదేం రాలేదు.

తర్వాత హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్ట్‌ని కలిశాం. ఆయన రిపోర్టులు పక్కన పెట్టేసి, పడే ముందు ఏం చేస్తున్నావమ్మా, ఎప్పుడైనా పడుకుని ఉండగా వచ్చిందా, నాలుక కరుచుకున్నావా, లేచాక ఎంతసేపటికి మనుషుల్ని గుర్తుపడతావు అని అడిగారు. పడుకుని ఉండగా ఎప్పుడూ రాలేదు. నాలుక ఎప్పుడూ కరుచుకోలేదు. లేవగానే అందర్నీ గుర్తుపడతాను. మరి కొట్టుకోవడమో సార్ అని మా ఆయన అడిగితే చెప్పారు, మెదడుకి రక్తం తగ్గి స్పృహ పోయినా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయంట, 1994లో జర్మనీ డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లని కావాలని స్పృహ తప్పేలా చేసి వీడియో తీస్తే పూర్తిగా తప్పినవాళ్లలో 90 శాతం మందికి అలాగే జరిగిందంట. నేనప్పుడు ఏమీ మాట్లాడలేదు గానీ లోపల మాత్రం ఒళ్లు మండింది, ఇన్నేళ్లూ ఈ మాట ఎవరూ ఎందుకు చెప్పలేదని.

టిల్ట్ టేబుల్ టెస్ట్ అని రాసిచ్చారు. 1986లో లండన్ డాక్టర్లు కారణం తెలియకుండా పడిపోయేవాళ్లకి దీన్ని వాడి చూసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, అప్పట్నుంచి బాగా వాడకంలోకి వచ్చింది. నాలుగు గంటలు ఏమీ తినకుండా రమ్మన్నారు. బల్ల మీద పడుకోబెట్టి ఛాతీ దగ్గరా మోకాళ్ల దగ్గరా బెల్టులు కట్టి, ఈసీజీ వైర్లు, వేలికి బీపీ చూసే క్లిప్పు పెట్టి, కాసేపు కదలకుండా ఉంచి, బల్లని 70 డిగ్రీలు పైకి లేపారు. కాళ్ల కింద చెక్క ఉంటుంది కానీ బెల్టులుంటాయి కాబట్టి నడుస్తున్నప్పటిలా కండరాలు పని చేయవు, రక్తమంతా కాళ్లలోకి దిగుతుంది. ఇరవై నిమిషాలు అలాగే. ఏమీ కాలేదు! నాకు నిజంగా భయం వేసింది, ఇదీ నార్మల్ అని రాస్తారు, మళ్లీ ఆ మాత్రలే అని. పడిపోవాలని దేవుడికి మొక్కుకున్న మనిషిని నేనే అయ్యుంటా.

అప్పుడు నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొట్టారు, 400 మైక్రోగ్రాములు, గుండెనొప్పి వాళ్లు వాడే మందే, రక్తనాళాలు వదులవుతాయి. తల దిమ్మెక్కింది, కాసేపటికి అదే హోరు, అదే చెమట, వస్తోంది మేడం వస్తోంది అని టెక్నీషియన్‌తో అన్నాను, అంతవరకే. తర్వాత చెప్పారు, బీపీ దిగిపోయి, గుండె ఆరు సెకన్లు ఆగి, చేతులు కొట్టుకున్నాయని. బల్ల వెంటనే పడుకోబెట్టేశారు, లేచి మొదట అడిగింది, పడ్డానా అని.

మా ఆయన్ని అద్దం అవతల నిలబెట్టారు. డాక్టర్ గారు నాకంటే ముందు ఆయన్నే అడిగారు, మీరు తిరుమలలో చూసింది ఇదేనా అని. ఇదే సార్, అచ్చం ఇదే అన్నారు. ఆ ప్రశ్న ఎందుకో తర్వాత అర్థమైంది. స్ప్రే కొడితే ఏ రోగం లేనివాళ్లు కూడా కొందరు పడిపోతారు, పడింది కదా అని అదే జబ్బు అనేయడానికి లేదు, రోజూ వచ్చేదీ ఇక్కడ వచ్చిందీ ఒకటే అని చూసినవాళ్లు చెప్తేనే దానికి విలువ. అందుకే చెప్తున్నా, ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తుంటే, మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాక, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టర్‌కి మీ మాట కంటే అది నయం.

గుండె ఆగిందనగానే మరిది పేస్‌మేకర్ పెట్టించేద్దాం వదినా అన్నాడు. బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోయి ఇలా స్పృహ తప్పడాన్ని వాసోవేగల్ సింకోపీ అంటారంట, నలభై దాటనివాళ్లకి ఈ రకానికి మామూలుగా పెట్టరంట. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపకుండా వారాలు పట్టించి తగ్గించారు, కోపం కూడా దాంతోపాటే దిగింది. రోజుకి రెండు మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు ఎక్కువే తినమన్నారు (బీపీ ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు), మా ఇంట్లో ఆవకాయ తినొద్దు అనే మనిషి లేకుండా పోయాడు. హోరు మొదలవగానే కాళ్లు మెలిక వేసి తొడలు బిగించడం, పిడికిళ్లు బిగించడం నేర్పించారు, ప్రేయర్‌లో చాలాసార్లు దాంతోనే గట్టెక్కాను. రక్తం ఇవ్వాల్సి వస్తే పడుకోబెట్టి తీయమని ముందే చెప్తా, కొందరు విసుక్కుంటారు.

పూర్తిగా పోలేదు. మొన్న ఆడపడుచు కూతురి పెళ్లిలో తలంబ్రాల టైముకి జనం మధ్య వేడికి హోరు మొదలైంది, కాళ్లు బిగించినా ఆగలేదు, పట్టుచీర అని చూడకుండా అక్కడే కార్పెట్ మీద పడుకుని కాళ్లు కుర్చీ మీద పెట్టేశాను. ఎవరో తాళాలు తెస్తున్నారు, అవేం వద్దు, కాసేపట్లో లేస్తుంది అని అత్తయ్యే చెప్పి వాళ్లని పంపించేశారు.