ముందు కొండ, తర్వాతే ఏరు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శివాలయాలున్న ముఖలింగం చూడనివాళ్ళు మా పర్లాకిమిడి తెలుగిళ్ళల్లో ఉండరు. ఒడిశా వైపు కొండ మహేంద్రగిరి సంగతి అడిగితే మాత్రం "ఆఁ, పిక్నిక్కి ఎళ్ళాం" అంటారు. ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలైతే ముఖలింగేశ్వరుడికి మొక్కి, పాతపట్నంలో నీలమణి దుర్గమ్మని చూసి, అట్నుంచటే ఇంటికి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. పొలాలతోపాటు దేవుళ్ళకీ సరిహద్దు రాయి పాతినట్టయింది. ఒకే రాజవంశం కొలిచిన ముఖలింగం, మహేంద్రగిరి గుళ్ళని రెండు రాష్ట్రాల గుళ్ళుగా చూడటం నాకు మొదటినుంచీ నచ్చదు.

ఆ వంశం, అంటే కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజులు, దానాలు రాసిచ్చిన రాగిరేకులు చాలావరకు ఒకే తీరుగా మొదలవుతాయి. మహేంద్రాచల శిఖరం మీద వెలసినవాడు, సకల భువనాలనూ నిర్మించిన సూత్రధారి, చంద్రవంకను తల మీద దాల్చినవాడు అయిన గోకర్ణస్వామికి నమస్కారం పెట్టాకే రాజు తన పేరు చెప్పుకుంటాడు. అంటే అప్పటి రాజధాని ముఖలింగంలో కూర్చుని కొండకి మొక్కేవారన్నమాట. అందుకే టెక్కలి నుంచి మా మేనత్త కొడుకు గుళ్ళు చూస్తానని దిగినప్పుడు, ముందు కొండకే లాక్కుపోయాను.

చలికాలం. తెల్లారకుండా బయల్దేరి కొయిన్‌పూర్ దగ్గర ఆగి బరా, ఘుగుని తిన్నాం. బరా అంటే మన గారే, ఘుగుని అంటే బఠాణీ కూర. ఆ తర్వాత దారి మలుపులే మలుపులు. మధ్య మధ్య సవర గిరిజనుల పల్లెలు, గోడలకి ఆరబెట్టిన చీపురు కట్టలు. "ఏటి బావా, ఇంకా ఎంత దూరమేటి?" అని మావాడు అడుగుతూనే ఉన్నాడు. కొండ ఎత్తు 1,501 మీటర్లు. బండి ఆగినచోటి నుంచి కాళ్ళే దిక్కు.

గుళ్ళకి పాండవుల పేర్లు పెట్టుకున్నారు జనం. ముందు తగిలేది కుంతి గుడి. చెట్ల మధ్య, ప్రహరీ లోపల ఉంటుంది. గోకర్ణేశ్వరుడి పేరు చెప్పేది ఇక్కడే. పైకెళ్తే యుధిష్ఠిరుడి గుడి, అందులో రాజేంద్ర చోళుడి శాసనం. తంజావూరు ఎక్కడ, ఈ కొండ ఎక్కడ! శాసనంతోపాటు పులి, చేపల గుర్తులు చెక్కించి మరీ పోయాడు. గెలిచినవాడు తన ముద్ర వెయ్యడానికి ఊళ్ళో కోట కాకుండా కొండ మీద గుడిని ఎంచుకున్నాడంటే, కళింగం గుండెకాయ ఎక్కడుందో అతనికి బాగా తెలుసు.

నాకు మాత్రం అన్నిటికంటే పైనున్న భీముడి గుడే ఇష్టం. శిల్పం దాదాపు లేదు. మనుషులు ఎత్తలేనంత బండలు, బండ మీద బండ పేర్చి పైన గుండ్రటి రాతి కప్పు. రాళ్ళ మీద బూడిదరంగు నాచు మచ్చలు, చెయ్యేస్తే మంచుముద్దలా చలి. మావాడు గోడకి చేరబడి, "ఈటిని భీముడే ఎత్తుంటాడులే" అని తీర్పు చెప్పేశాడు. అంతలో మబ్బు కమ్ముకొచ్చి పక్కనున్న మనిషి కూడా మసకబారాడు. ఐదు నిమిషాల్లో విడిపోయింది. మా ఊరి పక్కన పారే మహేంద్రతనయ పుట్టేది ఈ కొండల్లోనే. దాని ఒక పాయ వంశధారలో కలుస్తుంది, ఇంకోటి బారువ దగ్గర సముద్రంలో.

మర్నాడు ముఖలింగం. హిరమండలం మీదుగా వెళ్ళాం. దారి గురించి చెప్పడానికేం లేదు, గుంతలు తప్ప.

ఊరి మొగలో సోమేశ్వరాలయం పలకరిస్తుంది. ముందు మండపం లేకుండా నేల మీంచి తిన్నగా లేచిన ఒంటరి శిఖరం. అసలు గుడి మధుకేశ్వరాలయానికి వెళ్ళే తొందరలో జనం దీన్ని బయటినుంచే దండం పెట్టి దాటేస్తారు. ద్వారానికి రెండు వైపులా ఉన్న గంగా యమునల దగ్గరైనా కాసేపు నిలబడండి. మధుకేశ్వరాలయంలో శివుడు ఇప్పచెట్టులోంచి వెలిశాడని కథ. మధుకం అంటే ఇప్పే, కథలో సవరల నాయకుడూ ఉన్నాడు. లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. బిడ్డ కోసం మొక్కుకున్న కుమ్మరి చేయించాడని క్యూలో నా వెనకున్న ముసలమ్మ చెప్పింది. మావాడికి భక్తి కన్నా లెక్క ఎక్కువ. గుమ్మాన్నీ గోలేన్నీ కంటితో కొలిచి, "ఇది లోపలికెలా ఎల్లింది బావా?" అన్నాడు. ముసలమ్మ నవ్వి ఊరుకుంది.

ఇక్కడి స్తంభాలు చదవగలిగితే పూట చాలదు. సంస్కృతం, తెలుగు శాసనాలు నిలువునా నిండిపోయి ఉన్నాయి. దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టి, మా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ బతికిన గిడుగు రామమూర్తి ఈ శాసనాల లిపి పట్టుబట్టి నేర్చుకుని, గంగరాజుల కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించాడు. వ్యావహారిక భాష కోసం పోరాడాడనే మనవాళ్ళకి గుర్తు, ఈ పని ఎవరూ తల్చుకోరు. 1078లో పట్టం కట్టుకున్న అనంతవర్మ చోడగంగుడు రాజధానిని ఇక్కణ్ణుంచి కటకానికి మార్చి, పూరీలో జగన్నాథుడికి గుడి కట్టించాడు. పూరీ పేరు ముందు ఈ ఊరి పేరు చిన్నదైపోయింది.

శివరాత్రికి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. ముఖలింగంలో చక్రతీర్థ స్నానాల రోజు వంశధార గట్టున కాలు పెట్టే చోటుండదు, ఒడిశా జనం మన జనం కంటే ఎక్కువే కనిపిస్తారు. కొండ మీదా అదే రోజుల్లో జాతర. రెండూ ఒకే పండక్కి పెట్టుకోకండి. కార్తీకం నుంచి మాఘం లోపు ఎప్పుడైనా, స్వెట్టరు, మంచినీళ్ళు, పులిహోర పొట్లం పట్టుకుని ముందు కొండెక్కండి.