కట్లపాము కాటు, అరువు ఊపిరి

శెనక్కాయ చేలో కాపలా పడుకున్నవాళ్లనూ, ఉక్కకు తాళలేక కింద చాప పరుచుకున్నవాళ్లనూ కట్లపాము రాత్రిపూట కరుస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, వాపు రాదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది. గ్యాస్ అనుకుని మాత్ర మింగించి పడుకోబెట్టడం పెద్ద ప్రమాదం.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో క్రిటికల్ కేర్ డాక్టరు, అంటే ఐసీయూలో ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను చూసే డాక్టరు, పని ఏమిటో అర్థం కావాలంటే ఈ ఒక్క కాటు చాలు. ఈ విభాగం పుట్టిందే ఊపిరి ఆగిపోతున్న మనిషి మంచం పక్కన. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం పెట్టించి, రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించాడు. మెషీన్లు చాలక వైద్య విద్యార్థులు వంతులేసుకుని రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. ఇప్పటికీ మన దేశంలో ఈ రంగంలోకి అనస్థీషియా నుంచి చాలామంది వస్తారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, అనస్థీషియాలోనో జనరల్ మెడిసిన్‌లోనో పల్మనాలజీలోనో ఎండీ మూడేళ్లు, ఆపైన ఈ విభాగంలోనే డీఎం అనే పైచదువు మరో మూడేళ్లు. ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయడంలో మత్తు డాక్టరు చెయ్యి తిరిగి ఉంటుంది, జబ్బును పోల్చుకోవడంలో మెడిసిన్ డాక్టరు కన్ను. ఐసీయూలో రెండూ కావాలి.

పలమనేరు పక్క పల్లె నుంచి తిరుపతిలోని రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో రావాలంటే వంద కిలోమీటర్లకు పైమాటే. ఆ దారిలో మనిషిని బతికించేది అంబు బ్యాగే, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి. అయిదారు సెకన్లకు ఒకసారి, ఛాతీ పైకి లేచేంత నొక్కితే చాలు. కంగారులో గబగబా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి వస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

స్పృహ ఉన్నవాళ్లకు మంచం పక్కన చేసే పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. "అన్నా, ఊపిరి నిండా పీల్చుకుని ఒకటి, రెండు అని ఎంతదాకా చెప్పగలవో చెప్పు." గంట కిందట ముప్పై దాటినవాడు ఇప్పుడు పదిహేను దగ్గర ఆగిపోతే గొట్టానికి సిద్ధం కావాలి. దిండు మీంచి తల ఎత్తలేకపోవడం ఇంకో గుర్తు. వేలికి పెట్టిన ఆక్సీమీటరును నమ్ముకుని కూర్చోకూడదు. ఆక్సిజన్ పెట్టి ఉంటే అది 98 చూపిస్తూనే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది.

పాము విషానికి విరుగుడు మందు 10 వయల్స్ (చిన్న సీసాలు) సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము వయసు చూసి విషం తగ్గించదు. ఆ మందుకు రియాక్షన్ రావచ్చు కాబట్టి దాన్ని అణిచే అడ్రినలిన్ ముందే సిరంజిలోకి తీసి పెట్టుకోవాలి. అయితే కట్లపాము విషం నరాల కొసలనే దెబ్బతీస్తుంది. రక్తంలో తిరుగుతున్న విషాన్ని మందు పట్టుకుంటుంది గానీ, పాడైన కొసను బాగుచేయలేదు. నాగుపాము కాటుకు బాగా పనిచేసే నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ ఇక్కడ చాలాసార్లు పనిచేయదు. నరం కొస మళ్లీ చిగురించేదాకా, అంటే కొన్ని రోజులు, ఊపిరి అరువు ఇవ్వాలి. పక్షవాతం తగ్గలేదని వయల్ మీద వయల్ ఎక్కించడం నా దృష్టిలో శుద్ధ వృథా.

వెంటిలేటర్ మీద ఒక్కో శ్వాసకు కిలోకు 6 నుంచి 8 మిల్లీలీటర్ల గాలి ఇవ్వాలి. ఆ కిలోలు తూకంలో వచ్చేవి కావు, ఎత్తును బట్టి లెక్కకట్టేవి. 165 సెంటీమీటర్ల మగమనిషి తూకంలో 90 ఉన్నా లెక్కలో 61 కిలోలే. తూకం చూసి గాలి పెడితే ఊపిరితిత్తి సాగి దెబ్బతింటుంది. తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. రెప్పలు మూయలేడు కాబట్టి ఆయింట్‌మెంట్ రాసి టేపు వేయాలి, లేకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది ఒకటుంది. విషం బాగా ఎక్కినవాడికి కంటిపాపలు విప్పారి, టార్చి వేసినా కదలవు. గిచ్చినా ఉలకడు. చూసినవాళ్లకు మెదడు చచ్చిపోయినట్టే ఉంటుంది. కానీ వాడికి మొత్తం వినపడుతూ ఉండొచ్చు. కరిచింది కట్లపామని అనుమానం ఉన్నంతవరకు ఈ గుర్తులు చూసి బ్రెయిన్ డెడ్ అనకూడదు, మెషీన్ తీయకూడదు. నిద్రమందు తప్పక ఇవ్వాలి. కదల్లేని మనిషిని మెలకువతో గొట్టం మీద ఉంచడం చిత్రహింస. ఇంటివాళ్లను లోపలికి పిలిచి మాట్లాడించాలి: "నాయనా, పాము కరిచింది. మెషీను నీకు ఊపిరి ఇస్తోంది. రెండు మూడు రోజుల్లో చేతులు లేస్తాయి."

గొట్టం తీయడానికి తొందరపడకూడదు. తల ఎత్తి అయిదు సెకన్లు నిలపాలి, గట్టిగా దగ్గగలగాలి, అరగంట తనంతట తాను ఊపిరి పీల్చుకోవాలి. తీశాక ఆ రాత్రంతా గంటగంటకూ మళ్లీ అంకెలు చెప్పించాలి.