కాటన్ దొరకి దోసెడు నీళ్ళు

సంక్రాంతికి వచ్చి ఇరవై ఆరు దాకా ఉండిపోయాను. ఆత్రేయపురం దగ్గర మా ఊరి బడిలో జెండా ఎగరేసి పిల్లలకి బిళ్ళలు పంచుతుంటే నా మనసు మెల్‌బోర్న్‌లో ఉంది. అక్కడా ఆ రోజు సెలవే. ఆస్ట్రేలియా డే.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒకావిడ అక్కడి మూలవాసి. నేను చేరిన మొదటి ఏడాది ఆ రోజు పొద్దున్నే నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పాను. దుప్పటి మడతపెడుతున్న ఆవిడ చేతులు ఆగాయి. "మా ఇంట్లో ఎవరూ దీన్ని పండగ అనుకోరు" అని, మళ్ళీ అంచులు కలిపి అరచేత్తో గట్టిగా నొక్కింది.

1788లో ఆ తేదీనే ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్‌లో బ్రిటిష్ జెండా పాతాడు. నూట యాభై ఏళ్ళ సంబరాలు జరిగిన 1938లో, అదే రోజు మూలవాసులు సంతాప దినం జరిపారు. మెల్‌బోర్న్‌లో యారా అనే స్థానిక పురపాలక కౌన్సిల్ 2017లో ఆ రోజు వేడుకలు మానేస్తానంటే, పౌరసత్వ ప్రమాణాలు చేయించే అధికారాన్ని కేంద్రం తీసేసుకుంది. నేనూ ప్రమాణం చేయాల్సినవాణ్ణే. పిలుపు జనవరి 26కి వస్తే తేదీ మార్చమని అడుగుతాను.

ఇలా అనుకోవడం నాకు తేలిక కాదు. మా తాతయ్య గోదావరిలో మొలలోతు దిగి, కాటన్ దొర పేరు చెప్పి దోసెడు నీళ్ళు వదిలేవాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన మనిషి మాకు అపర భగీరథుడు. మా అన్నం ఆ నీళ్ళదే. అదే తెల్లవాళ్ళ పాలన మీద 1922లో మన్యంలో తిరగబడ్డ అల్లూరికీ మేమే దండలు వేస్తాం.

ఇదంతా ఆవిడకి చెప్తే ఒకటే అడిగింది: "రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?"

జెండా వందనం అయ్యాక నాన్నతో లొల్ల లాకుల దగ్గరికి వెళ్ళాను. దాళ్వా నీరు తలుపుల కింద నుంచి సుడులు తిరుగుతూ పోతోంది. ఆవిడ ప్రశ్నే నాన్నని అడిగాను. చాలాసేపు నీళ్ళకేసి చూశాడు.

"పేటలో వాళ్ళ ముత్తాతలు వెళ్ళారని మా నాయనమ్మ అనేదిరా. పేర్లు మనం ఎప్పుడూ అడగలేదు."

సాయంత్రం ఇద్దరం పేటకి వెళ్ళాం.