ఊలు ఏరడం కూడా పోటీయే

న్యూజిలాండ్‌లోని మాస్టర్టన్‌లో జరిగే గొర్రెల ఊలు కత్తిరింపు పోటీల పేరు గోల్డెన్ షియర్స్. వాటికి వచ్చే జనంలో చాలామంది చూపు షియరర్ల మీదే, అంటే ఊలు కత్తిరించేవాళ్ల మీదే ఉంటుంది. అది న్యాయమే. ఓపెన్ ఫైనల్లో ఒక్కొక్కరు 20 గొర్రెల ఊలు 16, 17 నిమిషాల్లో తీసేస్తుంటే స్టేడియం హోరెత్తిపోతుంది. 1961లో మొదలైన ఈ పోటీల్లో నేను దిగేది మాత్రం వేరే విభాగంలో. దాని పేరు వూల్ హ్యాండ్లింగ్. గొర్రె ఒంటి మీంచి జారిన ఊలు అందుకుని, చెడ్డది తీసేసి, రకాలవారీగా విడదీసే పని. దీని గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు.

మాది నారాయణపేట దగ్గర కురుమల ఇల్లు. ఇప్పుడు న్యూజిలాండ్‌లో, వైరారాపా ప్రాంతంలో, ఒక గొర్రెల ఫారంలో పనిచేస్తున్నాను. ఆ మందలో కొన్ని రోమ్నీ జాతి గొర్రెలు నా సొంతం. కత్తిరింపుల కాలంలో ఊలు తీసే పనివాళ్ల గ్యాంగు ఒకదానితో కలిసి వేరే ఫారాల షెడ్లకూ వెళ్తాను.

షెడ్డులో షియరర్ నిలబడే చెక్కనేలను బోర్డు అంటారు. గొర్రెను కూర్చోబెట్టగానే ముందుగా వచ్చేది పొట్ట ఊలు. అది పొట్టిగా, మట్టిపట్టి, బలం లేకుండా ఉంటుంది. వెంటనే పక్కకు తీయాలి. తర్వాత తోక చుట్టూ, తొడల లోపల ఉండే ఊలు; మూత్రం మరకలు, ఎండిన పెంటికలు అన్నీ అక్కడే. ఆపైన నెత్తిమీది కుచ్చు. ఇవేవీ అసలు ఊలుతో కలవకూడదు. షియరర్ మెషీను తోక నుంచి తల దాకా వీపు పొడవునా సాగుతున్నప్పుడు నాకు దొరికేవి కొన్ని క్షణాలే. ఆలోపు బోర్డు ఊడ్చాలి, పొట్టి ముక్కలు వేరు చేయాలి, అతని కాళ్లకు అడ్డం పడకూడదు. ఆఖరి పక్క అయ్యేసరికి వెనక కాళ్ల దగ్గరి అంచులు రెండు చేతుల్లోకి తీసుకుని సిద్ధంగా ఉండాలి. గొర్రె అటు వెళ్లగానే ఊలంతా గుండెలకు హత్తుకుని లేచి, బల్ల మీదికి విసరాలి.

విసరడం కుదిరితే గొంగడి పరిచినట్టు పడుతుంది, చర్మం వైపు కిందికి, ఎండావానా తగిలిన వైపు పైకి. బల్ల పలకల మధ్య సందులుంటాయి, పొట్టి ముక్కలు రాలిపోవడానికి. ఇక చుట్టూ తిరుగుతూ అంచులు లాగడమే. చెమటకు అట్టకట్టినవి, పసుపు తిరిగినవి, గడ్డిగింజలు పట్టినవి, చిక్కుపడినవి అన్నీ రావాలి. కొన్ని పసుపు మరకలు ఎంత కడిగినా పోవు. ఆ ఊలుకు లేత రంగులు వేయలేరు, ధర పడిపోతుంది.

మరి మంచిచెడ్డ ఎలా తేలుస్తారు? జడ్జీలు బోర్డు దగ్గరా బల్ల దగ్గరా నిలబడి తప్పులు రాసుకుంటారు. పని అయ్యాక ఏరిన ఊలు వేసిన బుట్టలు కూడా తిరగేసి చూస్తారు. మంచి ఊలులో చెడ్డది మిగిలితే తప్పు పాయింట్లు పడతాయి. చెడ్డ దాంట్లోకి మంచిది వెళ్లినా పడతాయి, ఎందుకంటే అది రైతు డబ్బు. పట్టిన సమయాన్నీ ఈ తప్పులనూ కలిపి లెక్కేస్తే ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు. వేగం ఒక్కటే చాలదు, జాగ్రత్త ఒక్కటే చాలదు. ఈ పోటీలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

నేను ఇంకా జూనియర్ విభాగంలోనే ఉన్నాను. ఆపైన సీనియర్, ఆ తర్వాత ఓపెన్. ఓపెన్ స్థాయి అంటే ఏమిటో తెలియాలంటే జోయెల్ హెనారేను చూడాలి. 2012లో మాస్టర్టన్‌లో, మళ్లీ 2017లో ఇన్వర్‌కార్గిల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి. ఆయన పనిలో ఒక్క అడుగు వృథాగా కనిపించదు నాకు.

నాకు పని నేర్పింది మా గ్యాంగులోని ఒక మావోరీ పెద్దావిడ. అందరూ ఆంటీ అని పిలుస్తారు, నేనూ అంతే. "షియరర్‌ను చూడకు, గొర్రెను చూడు. అది ఎటు తిరిగితే నీ పని అటు" అంటుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. తాత కత్తెరతో దక్కనీ గొర్రెల బొచ్చు తీస్తుంటే ఆమె ముందర కూర్చుని ఏరేది. "ముల్లు ఉంటే నూలు తెగుతది బిడ్డా, మంచిగ ఏరు" అనేది. ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి గొంగళ్లు నేసేవాళ్లు. మాంసం గిరాకీకి మా వైపు చాలా మందల్లోకి నెల్లూరు గొర్రెలు వచ్చేశాయి. వాటికి ఊలు ఉండదు. ఏరే పనే లేకపోయాక ఆ చూపు ఎవరికి అవసరం? నాయనమ్మ చేతిలో ఉన్నది మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. అందుకే ఇక్కడ దాన్ని నేర్చుకోవడం నాకు మామూలు ఉద్యోగంలా అనిపించదు.

ఇక్కడా పరిస్థితి గొప్పగా లేదు. 1982లో ఈ దేశంలో గొర్రెలు సుమారు 7 కోట్లు. ఇప్పుడు రెండున్నర కోట్ల లోపే. కార్పెట్లకు వెళ్లే ముతక ఊలు ధర ఎంత పడిపోయిందంటే కొన్నేళ్లు చాలా ఫారాల్లో కత్తిరింపు ఖర్చు కూడా రాలేదు. అలాంటప్పుడు ఇంత జాగ్రత్తగా ఏరడం ఎందుకని అడిగినవాళ్లున్నారు. ధర తక్కువని కలగాపులగంగా మూట కడితే కొనేవాడు ఇంకా తగ్గించే అడుగుతాడు. పోటీలు లేకపోతే ఈ పని నాలాంటి వాళ్లకు ఇంత పట్టుదలగా వచ్చేది కాదని నా నమ్మకం. జడ్జీ రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు షెడ్డులో ఆ తప్పు మీదే పనిచేస్తాం.

అక్టోబరులో దక్షిణ దీవిలోని అలెగ్జాండ్రాలో మెరినో జాతి గొర్రెల పోటీలున్నాయి. అది సన్న ఊలు, రోమ్నీకి అలవాటుపడ్డ చేతికి కొత్త. వెళ్లి చూసొద్దామనుకుంటున్నాను. మాస్టర్టన్ పోటీలు ఫిబ్రవరి ఆఖరులో గానీ మార్చి మొదట్లో గానీ ఉంటాయి. వెల్లింగ్టన్‌లో ఉండే తెలుగువాళ్లు రైల్లోనే రావచ్చు. ఫైనల్స్ రాత్రి కోసం ఆగకుండా పగలే రండి, హీట్స్, అంటే తొలి రౌండ్లు, అప్పుడే జరుగుతాయి. బల్లలు కనిపించే వైపు కూర్చుని, ఏ ఊలు ఏ బుట్టలో పడుతోందో గమనించండి. అర్థం కానిది ఏదైనా ఉంటే నన్ను అడగండి, పక్కన కూర్చుని చెప్తాను.